ఇంటికి ఒక మడి, అంగడికి ఒక మడి
మందు లేని తిండి ఖర్చు ఎంత, లాభం ఎవరికి?

వైరా: 2025 ఆగస్టులో యూరియా కోసం పడిన పాట్లను మన రైతులు ఇంకా మరిచిపోలేదు. తెల్లవారకముందే సొసైటీ గోదాముల ముందు బారులు తీరారు. నిలబడలేక చెప్పులు వరుసలో పెట్టి చెట్టు నీడకు చేరారు. అలా చెట్టు కింద చేరినవారి పక్కన కూర్చుని ఈ విలేఖరి ఊరికే ఒక ప్రశ్న అడిగాడు. "మీ ఇంట్లోకి పెంచుకునే కూరగాయల మడికి మందు కొడతారా?" అని. అక్కడున్న పదకొండు మందిలో తొమ్మిది మంది నవ్వారు. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన "తినేదానికి ఎవడన్నా కొడతాడా అబ్బాయ్!" అన్నాడు. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. అమ్మేది కూడా ఎవరో ఒకరు తినేదే గదా.

ఇది మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే గాని, ఎవరూ బయటికి అనని సంగతి. వంగతోట ఎకరం వేసిన రైతు గట్టు పక్కన నాలుగు చాళ్లు విడిగా వదులుతాడు. వాటి జోలికి పంపు పోదు. మిరప వేసినవారు కూడా ఇంటి కారానికి ఒక మూల మొక్కలు వేరుగా పెట్టుకుంటారు. ఈ విలేఖరి ఇంటి పెరట్లో తల్లిగారు పెంచే చిక్కుడు పందిరికి పేను పడితే పొయ్యి బూడిద చల్లుతారు. పొలంలో అయితే అదే పేనుకు దుకాణం నుంచి సీసా వస్తుంది. ఇంట్లో అందరమూ ఏళ్ల తరబడి చూస్తున్నాము. ఎందుకిలా అని ఎవరమూ అడుక్కోలేదు.

పట్నాల్లో ఇప్పుడు "ఆర్గానిక్" మాట బాగా వినిపిస్తోంది. మందు లేని బియ్యం, మందు లేని పప్పు అని వేరే దుకాణాలు వెలిశాయి. ధర ఒకటిన్నర రెట్లు, కొన్నిటికి రెండు రెట్లు. అంత పెట్టి కొంటే లాభం ఉన్నదా లేదా అని చదువుకున్నవారు వాదించుకుంటున్నారు. ఆ వాదన అంతా కొనేవాడి వైపు నుంచే నడుస్తోంది. పండించేవాడు, పంపు మోసేవాడు, కలుపు తీసే ఆడకూలీ ఈ లెక్కలో ఎక్కడున్నారో చూద్దామని ఈ విలేఖరి నాలుగు ఊళ్లు తిరిగాడు.

కొనేవాడి లెక్క

ముందుగా కొనేవాడి సంగతే తీసుకుందాం. నలుగురున్న ఇంట్లో నెలకు 40 కిలోల బియ్యం ఖర్చవుతుందనుకోండి. మామూలు సన్నబియ్యం కిలో 50 రూపాయలు, మందు లేనివి 80 రూపాయలు అనుకుంటే నెలకు 1,200 రూపాయలు అదనం. ఏడాదికి 14,400. నెల జీతం ఉన్న ఇంటికి ఇది భరించరాని బరువేమీ కాదు. మన ఊళ్లో కూలికి పోయే ఇంటికి మాత్రం నెలనెలా మూడు రోజుల కూలి దానికే పోతుంది. పైగా రాష్ట్ర ప్రభుత్వం 2025 ఉగాది నుంచి రేషను మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తోంది. నలుగురికి 24 కిలోలు. ఊరికే వచ్చే బియ్యాన్ని పక్కన పెట్టి 80 రూపాయల బియ్యం కొనుక్కోమని కూలివాడికి చెప్పగలవారెవరు?

మామూలు బియ్యం చౌక అనుకోవడంలో కూడా ఒక తిరకాసు ఉంది. యూరియా 45 కిలోల బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది. దాని అసలు ఖరీదు ఇంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాను కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. అంటే అంగడిలో 50 రూపాయలకు కొన్న కిలో బియ్యానికి మనం కట్టింది 50 మాత్రమే కాదు, పన్నుల రూపంలో ఇంకొంత ఎప్పుడో కట్టి ఉన్నాము. పేడ మోసి పండించినవాడికి ఆ సాయం ఏదీ అందదు. రెండు బియ్యాల ధరలు పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఆరోగ్యం మాట. ఇందులో మనవాళ్లు నమ్మేదానికీ పరీక్షల్లో తేలినదానికీ కొంత తేడా ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 237 పరిశోధనలను ఒకచోట చేర్చి 2012లో ఒక నివేదిక ప్రచురించారు. సేంద్రియ పంటకూ మామూలు పంటకూ విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదనీ, మందు అవశేషాలు మాత్రం సేంద్రియ పంటలో తక్కువనీ వారు తేల్చారు. 2014లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు 343 పరిశోధనలు చూసి, సేంద్రియ పంటలో ఒంటికి మేలు చేసే కొన్ని పదార్థాలు ఎక్కువగానూ, కాడ్మియం అనే విషలోహం తక్కువగానూ ఉన్నట్లు చెప్పారు. మందు అవశేషాల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మన దేశం సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వం దేశంలోని మార్కెట్ల నుంచి కూరగాయలు, పండ్లు, బియ్యం, పాలు వంటివి తెప్పించి పరీక్ష చేయిస్తోంది. 2014–15లో ఇలా 20,618 నమూనాలు చూశారు. పరిమితికి మించి మందు ఉన్నవి 543. నూటికి మూడు కూడా లేవు. ఈ అంకె చూసి ఈ విలేఖరి ఆశ్చర్యపోయిన మాట నిజం. ఇంకా ఎంతో ఎక్కువ ఉంటుందనుకున్నాడు. అయితే అదే పరీక్షలో ఇంచుమించు ఎనిమిదింట ఒక నమూనాలో ఆ పంటకు వాడేందుకు అనుమతి లేని మందు దొరికింది. ఆర్గానిక్ దుకాణాల నుంచి తెచ్చిన సరుకులో కూడా కొన్నిట్లో అవశేషాలు కనిపించాయి. కనుక పైన అతికించిన చీటీని చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు, మామూలు కూర తిన్నంత మాత్రాన భయపడి చావవలసిన పనీ లేదు.

భయపడవలసిన చోటు వేరే ఉంది. వంగ, బెండ రెండు రోజులకోసారి కోస్తారు. మందు సీసా మీద, కొట్టిన తర్వాత ఇన్ని రోజుల దాకా కోయరాదని రాసి ఉంటుంది. ఆ గడువు దాటేదాకా కాయ చెట్టునే ఉంచితే ముదిరిపోతుంది. అందుకని సాయంత్రం కొట్టి తెల్లవారి కోసి ఆటోకు ఎక్కించడం జరుగుతోంది. ఒక కూరగాయల రైతు దీన్ని దాచలేదు. "బెండకాయ ముదిరితే కిలో రెండు రూపాయలకు కూడా అడగరు అన్నా. గడువు దాకా ఆగితే నా గడువు తీరిపోతుంది" అన్నాడు. ఉప్పునీళ్లలో కడిగితే పైన ఉన్న మందు కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకే రకం మందులు కడిగినా పోవు.

పంపు మోసేవాడి లెక్క

తినేవాడికి చేరే మందు చుక్కలో వెయ్యో వంతు. పంపు మోసేవాడికి మూతి తెరిచినప్పటి నుంచి ఘాటంతా నేరుగా తగులుతుంది. ఆర్గానిక్ తిండి గురించి జరిగే చర్చల్లో ఈ మనిషి మాట ఎక్కడా వినబడదు.

ఇది ఈ విలేఖరి సొంత ఇంటి సంగతి. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అంతకుముందు మన ప్రాంతం ఎరుగని పురుగు అది. పూత లోపల నల్లగా గుంపులు గుంపులుగా చేరి పూతంతా రాల్చివేసింది. ఖమ్మం, కొత్తగూడెం, గుంటూరు వైపు రైతులు చేతికి దొరికిన మందల్లా కొట్టారు. మూడు రోజులకోసారి కొట్టినవారు కూడా ఉన్నారు. ఒకే పంపులో రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పురుగు చావలేదు. ఎకరానికి లక్ష పైన పెట్టి తోటను దున్నేసినవారు మన మండలంలోనే ఉన్నారు.

ఆ రోజుల్లో ఈ విలేఖరి తమ్ముడు పంపుకు ఇంత అని మాట్లాడుకుని ఇతరుల తోటల్లో మందు కొట్టేవాడు. పని దొరికిన కాలం కదా అని పొద్దున్నే పోయి ఎండ ఎక్కేదాకా కొట్టాడు. ముఖానికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని, కళ్ల ముందు పొగలాగా ఉందన్నాడు. నోటి నుంచి చొంగ, వాంతులు, ఒళ్లంతా చెమట. ఆసుపత్రికి తీసుకుపోతే టార్చిలైటు వేసి చూశారు. కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. కొన్ని జాతుల పురుగుమందులు నరాల్లో పనిచేసే ఒక పదార్థాన్ని చంపేస్తాయట. పురుగు చచ్చేది కూడా అందువల్లనే. మనిషి నరాలు కూడా ఆ దారినే పనిచేస్తాయి. అట్రోపిన్ సూదిమందు రెండు రోజులు ఎక్కించాక లేచి కూర్చున్నాడు. ఆసుపత్రి ఖర్చు 23,000 రూపాయలు. ఆ మూడు రోజుల పనికి వచ్చిన కూలి 2,100. తోట యజమాని మంచివాడు, 5,000 చేతిలో పెట్టాడు. ఆయన తోట కూడా అప్పటికే పోయింది.

ఇటువంటివి పత్రికల్లో ఒక మూల పడి మాసిపోతుంటాయి. ఎక్కువ మంది ఒకేసారి పడిపోతే గాని లోకం చూడదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఏపుగా పెరిగిన పత్తిలో, తల పైకి మందు పడుతుండగా కొట్టినవారే ఎక్కువని అప్పట్లో వార్తలు వచ్చాయి.

సీసా మీద పలక ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు వేసి ఉంటుంది. ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం ఆ తర్వాతది, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఈ విలేఖరి తిరిగిన నాలుగు ఊళ్లలో పంపు మోసేవారిని అడిగితే ఈ రంగుల సంగతి సరిగా చెప్పినవారు ఇద్దరు. మందు ఎంచేది దుకాణదారు, కొనేది రైతు, కొట్టేది కూలీ. సీసా చదివే అవసరం ముగ్గురిలో ఎవరికీ పడటం లేదు.

మేనమామ నోటుపుస్తకం

పండించేవాడికి ఏం మిగులుతుందన్నది తేల్చాలంటే అంకెలు కావాలి. ఈ విలేఖరి మేనమామ కాలువ కింద రెండెకరాల రైతు. 2022లో ఒక ఎకరంలో మందులు, ఎరువులు మానేశాడు. రెండో ఎకరం ఎప్పటి మాదిరే. ప్రతి ఖర్చూ మనవడి పాత నోటుపుస్తకంలో రాసి పెట్టడం ఆయన అలవాటు. మొదటి ఏడు మానిన ఎకరంలో 14 క్వింటాళ్లు పండితే ఊరంతా నవ్వింది. రెండో ఏడు 16. 2024 వానాకాలం మూడో ఏడు, 19 క్వింటాళ్లు వచ్చాయి. పక్క ఎకరంలో 24.

దుక్కి, నాటు, కోత రెండింటికీ ఒకటే కనుక వాటిని వదిలేద్దాం. మామూలు ఎకరానికి మూడు బస్తాల యూరియా 800, డి.ఎ.పి., పొటాషు కలిపి 3,050, గడ్డి మందు 700, నాలుగు సార్లు పురుగుమందు, కొట్టిన కూలితో సహా 5,200. మొత్తం 9,750 రూపాయలు. మానిన ఎకరానికి జీలుగ విత్తనం 900, పశువుల ఎరువు తోలించడానికి 3,000, జీవామృతానికి బెల్లం, శనగపిండి నాలుగు విడతలకు 1,200, రెండు సార్లు కలుపు తీసినందుకు 4,500, వేపగింజల కషాయం వగైరాకు 600. మొత్తం 10,200.

అంటే ఖర్చు తగ్గలేదు. ప్రకృతి వ్యవసాయంలో పెట్టుబడే ఉండదని సభల్లో చెప్పే మాట మేనమామ పుస్తకంలో నిలబడలేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. మామూలు ఎకరం డబ్బు చాలావరకు దుకాణానికి పోయింది. మానిన ఎకరం డబ్బులో సగం దాకా ఊళ్లో ఆడకూలీల చేతికి పోయింది. ఊరి వైపు నుంచి చూస్తే ఇది చిన్న తేడా కాదు. కాని రైతు జేబు వైపు నుంచి చూస్తే పోయిన రూపాయి పోయినట్టే.

ఇప్పుడు రాబడి చూడండి. 2024–25లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320. సన్నాలకు రాష్ట్రం ఇచ్చిన బోనసు 500 కలిపితే 2,820. మామూలు ఎకరం 24 క్వింటాళ్లకు 67,680 రూపాయలు వచ్చాయి. మానిన ఎకరం ధాన్యాన్ని కూడా కొనుగోలు కేంద్రంలో పోస్తే 53,580 వచ్చేవి. ఎకరం మీద 14,100 నష్టం. కొనుగోలు కేంద్రంలో మందు కొట్టిన రాశి, కొట్టని రాశి అని తేడా లేదు. తేమ ఎంత, తాలు ఎంత అని చూస్తారు, తూకం వేస్తారు, అంతే. ఆ సంగతి ముందే తెలిసి మేనమామ ధాన్యం పోయలేదు. మిల్లు పట్టించి పదకొండున్నర క్వింటాళ్ల బియ్యం చేశాడు. మూడు క్వింటాళ్లు ఇంట్లోకి ఉంచుకుని, ఎనిమిదిన్నర క్వింటాళ్లు ఖమ్మంలో తెలిసిన ఉద్యోగుల ఇళ్లకు కిలో 70 చొప్పున అమ్మాడు. 59,500 వచ్చాయి. ఇంటి బియ్యానికి మామూలు ధర కట్టినా 15,000. మిల్లు కూలి, సంచులు, ఆటో కిరాయి 6,000 తీసేస్తే 68,500. రెండు ఎకరాల ఖర్చులు కూడా తీసి చూస్తే మానిన ఎకరంలో 370 రూపాయలు ఎక్కువ మిగిలాయి.

"ఈ 370కా మామా ఇంత తిప్పలు?" అని అడిగితే ఆయన నవ్వి, "నువ్వు లెక్కలో ఒకటి రాయలేదు అల్లుడూ. ఆ ఎకరంలోకి నేను పంపు మొయ్యలేదు. రాత్రి దగ్గు లేకుండా పడుకున్నాను" అన్నాడు. అత్తగారి మాట వేరు. బియ్యం పూర్తిగా అమ్ముడుపోవడానికి ఏప్రిల్ వచ్చింది. మందు బిళ్లలు పెట్టని బియ్యం కనుక ఎండలు ముదిరేసరికి ముక్క పురుగు చేరింది. చెరిగి, ఎండబెట్టి, వేపాకు వేసి కాపాడింది ఆమె. ఆ పనికి కూలి ఆ నోటుపుస్తకంలో ఎక్కడా లేదు. పేడ కలిపిందీ, ఆవు మూత్రం పట్టిందీ కూడా ఆమేనని ఇరుగుపొరుగు చెప్పారు.

పునుకుల చేసిన పని

అందరూ మేనమామలా చేయలేరు. ఖమ్మంలో తెలిసిన ఉద్యోగులు అందరికీ ఉండరు. అంతకంటే అసలు సమస్య పేడ. జీవామృతం చేయాలంటే 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలి. రెండు రోజులు నీడన పులియబెట్టి ఎకరానికి పారించాలి. ఇది ఒక ఆవుతో అయ్యే పనే. కాని జీవామృతం ఒక్కటే పంటకు తిండి కాదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, చెరువు మట్టి ఏదో ఒకటి బలంగా పడాలి. ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక ఎడ్లు పోయాయి. మేపేవారు లేక ఆవులూ పోయాయి. ఒకప్పుడు ఇంటింటా పేడదిబ్బ ఉన్న వీధిలో ఇప్పుడు రెండే దిబ్బలు లెక్కకు వచ్చాయి.

ఆ బలం లేకుండా ఒక్కసారిగా ఎరువు మానితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. పంట పడిపోయింది, బియ్యం ధర పెరిగింది, పరాయి దేశాల నుంచి బియ్యం తెచ్చుకోవలసి వచ్చింది. ఆ నవంబరులోనే నిషేధం ఎత్తివేశారు. మనదేశంలో కూడా ఎరువులు పూర్తిగా మానే పద్ధతి మీద శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు.

కాని పురుగుమందు మానడం వేరు, ఎరువు మానడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల రైతు భయపడి ఏదీ మానడం లేదని ఈ విలేఖరికి తోస్తున్నది. దీనికి సాక్ష్యం దూరాన లేదు. మన పాత ఖమ్మం జిల్లాలోనే, పాల్వంచ మండలం పునుకులలో ఉంది. ఆ ఊరు పత్తి మీద పురుగుమందు కొట్టీ కొట్టీ అప్పుల్లో మునిగింది. 1999లో ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొద్దిమంది రైతులు మందు లేకుండా పత్తి వేసి చూశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, పేడ మూత్రం ద్రావణం, దీపపు ఎరలు, రసం పీల్చే పురుగులకు జిగురు పూసిన పసుపు పళ్లాలు, లింగాకర్షక బుట్టలు వాడారు. మొదట్లో ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మందు కొట్టనివాడి చేలో పంట నిలబడటం చూశాక ఒకరి వెనక ఒకరు వచ్చారు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానివేసింది. పంచాయతీ కూడా ఆ మేరకు తీర్మానించింది. మహిళా సంఘం వారు వేపగింజల మర నడిపారు.

గమనించవలసింది ఏమంటే, పునుకుల రైతులు అప్పుడు ఎరువులు మానలేదు. పురుగుమందు ఒక్కటే మానారు. దిగుబడి భయం అక్కర లేకపోయింది. ఆవుల మంద అక్కర లేకపోయింది. దుకాణంలో అరువు తగ్గింది. పంపు మోసి పడిపోయేవారు లేకుండా పోయారు. ఆ తర్వాత 2006లో, ఇప్పటి జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనబావి ఎరువులు కూడా మానివేసింది. అది చిన్న ఊరు, అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. అలా అన్ని ఊళ్లకూ సాధ్యమా అంటే చెప్పలేము. పునుకుల మాదిరి మొదటి మెట్టు ఎక్కడం మాత్రం అంత కష్టం కాదు.

వరిలో అయితే ఇంకా సులువు. యూరియా తగ్గించి విడతలుగా వేస్తే సుడిదోమ తగ్గుతుంది. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు జానెడు బాట తీస్తే గాలీ వెలుతురూ ఆడి దోమ నిలవదు. నారు కొసలు తుంచి నాటితే మొగిపురుగు గుడ్లు అక్కడే పోతాయి. ఇవన్నీ వ్యవసాయ శాఖ వారు ఏటా చెబుతున్న మాటలే. బాటలు తీయమంటే నాటుకూలీల మేస్త్రీ విసుక్కుంటాడని రైతులు అంటున్నారు. గుత్తకు నాటేవారికి అది అదనపు పని మరి.

చీటీ ఎవరికి?

మందు మానినవారికి ఎక్కువ ధర రావాలంటే ధ్రువపత్రం కావాలంటున్నారు. విదేశాలకు పంపే సరుకుకు 2001 నుంచి ఉన్న జాతీయ సేంద్రియ పథకం కింద సంస్థలు వచ్చి తనిఖీ చేస్తాయి. ఏటా మారే పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మందు మాని ఉండాలి. ఆ రెండేళ్లూ దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం మామూలుదే. చిన్న రైతు చితికిపోయేది అక్కడే. దానికంటే తేలిక పద్ధతి ఒకటి ఉంది. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పి.జి.ఎస్. పద్ధతి అది. చిన్న రైతు నేరుగా తినేవాడికే అమ్ముకుంటే ఆ చీటీ కూడా అక్కర లేదు. 2017 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే ఈ వెసులుబాటు ఉంది. ఈ సంగతి మన రైతుల్లో చాలామందికి తెలియదు. చీటీ లేదని ఇంటికే పరిమితమైన కందులు, నువ్వులు, పెసలు ఈ విలేఖరి కనీసం మూడు ఇళ్లలో చూశాడు.

కొనుగోలు కేంద్రాల్లో మందు లేని ధాన్యానికి వేరే రాశి, దాని మీద క్వింటాలుకు కొంత అదనం ఉంటే తప్ప మేనమామలాంటి వారు ఊరికి ఒకరిద్దరు మించరు. సన్నాలకు బోనసు ఇచ్చినట్టే దీనికీ ఇవ్వవచ్చు గదా అని రైతులు అడుగుతున్నారు. ఆ ధాన్యాన్ని బడుల్లో మధ్యాహ్న భోజనానికీ, అంగన్‌వాడీలకూ ఇస్తే కొనలేనివారి పిల్లలకు కూడా ఆ బియ్యం చేరుతుందని ఒక ఉపాధ్యాయుడు అన్నారు. అడగవలసిన మాటే.

ఈ విలేఖరి తమ్ముడు ఇప్పటికీ పంపు మోస్తున్నాడు. చేయగలిగిన పని అదే మరి. ఇప్పుడు చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు, నిండు చేతుల చొక్కా ఉన్నాయి. గాలికి ఎదురు నిలబడడు, ఎరుపు గుర్తు సీసా అయితే తీసుకోనంటాడు. అందువల్ల రెండు తోటల వారు అతన్ని పిలవడం మానుకున్నారు. వేపపండ్లు రాలే జూన్ నెలలో మాత్రం మరదలు, ఆమె తోటికోడళ్లు గింజలు ఏరి ఎండబెడుతున్నారు. ఐదు కిలోల గింజల పప్పు దంచి నూరు లీటర్ల నీటికి సరిపోయేటట్టు కషాయం తీస్తారు. మేనమామ రెండో ఎకరానికి కూడా ఈ వానాకాలం పురుగుమందు మానుతున్నాడు. ఎరువు మానడం లేదు. నలభై కిలోల గింజలు కావాలని ముందే చెప్పి పెట్టాడు. మరదలు ధర ఎంతో ఇంకా తేల్చలేదు.